తవిటయ్యకు వినబడలేదు

నమోదు 1

ఈ దినచర్య నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. ఆఖరి ఏడాదిలో చరిత్ర తీసుకున్నవాళ్ళందరూ రాయాలి, లేకపోతే పరీక్షకి నిలబడనివ్వరు. చివర్లో వరహాలమ్మ టీచరు ఇదంతా చదువుతారని తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. టీచర్, ఇవాళ నాకు మీ మీద ఒళ్ళు మండిపోతోంది.

పొద్దున చీటీలు తీశాం. మా ఎర్రగట్టులో చరిత్ర పరీక్ష కాగితం మీద రాసేది కాదు. భూమి నుంచి ఈ ఊరికి మొదట వచ్చినవాళ్ళలో ఒకరి పేరు చీటీలో వస్తుంది. ఏటా జరిపే తలుపు రోజున, ఊరందరి ముందు, ఆ మనిషిగా నిలబడాలి. ఎవరు ఏమడిగినా ఆ మనిషికి తెలిసినంతే చెప్పాలి. నేను లచ్చమ్మ పేరు కోరుకున్నాను. లచ్చమ్మ మా మామ్మ బంగారమ్మకి కన్నతల్లి. దుమ్ముగాలిలో, పీల్చే గాలి అయిపోయి, పాత తలుపు బయట ప్రాణాలు వదిలిన ఏడుగురిలో ఒకావిడ. ఆ చీటీ నాకే రావాలని మామ్మ దీపం పెట్టి మరీ దణ్ణం పెట్టుకుంది.

నాకు తవిటయ్య వచ్చాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. ఏడుగురూ బయట ఉండగా తలుపు మూసి, దాని దగ్గర ఒక్కడే కాపలా ఉన్నవాడు తవిటయ్య. వాళ్ళు తలుపు బాదుతుంటే, లోపల పీల్చుకునే గాలి ఖర్చయిపోతుందని, చెవిటివాడిలా నటించి కూర్చున్నవాడు తవిటయ్య. ఎందుకు తియ్యలేదని అడిగితే చచ్చేదాకా ఒకటే మాట అన్నాడట, 'నాకు ఇనపడ్నేదు' అని. ఆ చీటీ వచ్చినవాళ్ళు చదవాల్సిన పనే లేదు. నిలబడి ఆ రెండు ముక్కలూ మూలిగితే ఊరు ఊరంతా నవ్వుతుంది, పాస్ మార్కులు వేసి పంపించేస్తారు. ఇదివరకు ఒకడు చెవుల్లో దూది కుక్కుకుని వచ్చాడు. ఇప్పటికీ ఆ దూది గురించి చెప్పుకుంటారు.

పాస్ మార్కులు! నాకు! నూకరత్నానికి!

అందరూ నవ్వుతుంటే చివరి బెంచీలో అసిరినాయుడు ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు. తవిటయ్య వాడికి ముత్తాత. వాళ్ళది ఊళ్ళో 'సెవిటోరి ఇల్లు'.

నమోదు 2

మామ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాతో అంటే నూకరత్నంతో. తవిటయ్యతో మాత్రం బాగానే మాట్లాడుతోంది.

"ఓ తవిటయ్యా, కూడు పెట్టాను, ఇనపడిందా? తవిటయ్యా, నీల్ల పంపు కట్టీలేదు, ఇనపడిందా?"

అమ్మ నవ్వు ఆపుకోలేక గోంగూర మడుల వైపు వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి వరహాలమ్మ టీచర్ని చీటీ మార్చమని అడిగాను.

"మార్చను," అన్నారు ఆవిడ, చూస్తున్న పనిలోంచి తలైనా ఎత్తకుండా. "నవ్వించి వెళ్ళిపోతావో, పరీక్షకి నిలబడతావో నీ ఇష్టం. నిలబడాలనుంటే మాత్రం ముందు ఆ మనిషి నిలబడ్డ చోట నిలబడి రా. అక్కణ్ణుంచి ఏం కనబడుతుందో, ఏం వినబడుతుందో చూసుకుని రా. పాస్ మార్కులే చాలనుకుంటే అదీ అక్కర్లేదు."

నన్ను ఎక్కడ గిల్లాలో ఈవిడకి బాగా తెలుసు.

నమోదు 3

సెవిటోరి ఇంటికి వెళ్ళాను. మా సందు పక్క సందే అయినా ఎప్పుడూ అటు అడుగు పెట్టలేదు. తలుపు తడదామని చెయ్యెత్తితే తలుపు లేదు! గుమ్మానికి ఒక పాత దుప్పటి వేలాడుతోంది.

"తవిటయ్య తాత పీకేసాడంట," అన్నాడు అసిరి, దుప్పటి పక్కకి లాగి. "ఇంకెప్పుడూ ఏ తలుపూ ముయ్యనన్నాడంట. మా మామ్మ కూడా పెట్టనివ్వదు. ఏటి, నవ్వించడానికి సరుకు కావాల్నా?"

లోపల వాళ్ళ మామ్మ గవరమ్మ కూర్చుని ఉంది. తవిటయ్య కూతురు. మా మామ్మా ఈవిడా ఒక ఈడువాళ్ళు, ఒక వీధిలో పెరిగినవాళ్ళు. అయినా ఆ ఏడుగురూ పోయిన రోజు తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు. నేను బంగారమ్మ మనవరాలినని చెప్పగానే గవరమ్మ మామ్మ కొంగు సర్దుకుని, "బంగారి బాగుందా?" అంది.  బాగుందన్నాను.

అసిరి నన్ను సందు చివరిదాకా దిగబెట్టాడు. తలుపు రోజు అవగానే తలుపుల పనికి మనుషుల్ని తీసుకుంటారు. పీల్చే గాలి లేని బయటికి వెళ్ళేవాళ్ళ ప్రాణాలన్నీ వాళ్ళ చేతుల్లో ఉంటాయి కాబట్టి ఊళ్ళో అంతకన్నా గౌరవమైన పని లేదు. అసిరి కళ్ళు మూసుకుని గాలి పంపు విప్పి బిగించగలడు. మా ఈడువాళ్ళలో వాడి చెయ్యి ఇంకెవరికీ లేదు. కానీ సెవిటోరి ఇంటివాళ్ళని తలుపు ముట్టుకోనివ్వరు. తలుపు రోజున పాత తలుపు దగ్గర ఊడవటానికి మాత్రం ఆ ఇంటినుంచి ఒకరు రావాలి. ఈసారి అసిరి వంతు.

"దరకాస్తు పెట్టావా?" అని అడిగాను.

"పెట్టాను. జగ్గారావు మావ సూసి, సీపురు ఎక్కడుందో తెలుసు గదా అన్నాడు."

జగ్గారావు గారు తలుపుల పెద్ద. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నప్పుడు నవ్వి కూడా ఉంటారు, అందరం నవ్వుతాం కదా.

నమోదు 4

నిలబడ్డాను.

పాత తలుపు ఇప్పుడు బజారు మధ్యలో ఉంది. అప్పట్లో ఊరు అక్కడితో సరి, తర్వాత అంతా బయలు. ఊరు పెరిగి బజారు మీద కప్పు వేశాక అది వీధి తలుపైపోయింది. నిజానికి అవి రెండు తలుపులు, మధ్యలో ఒక గది. లోపలి తలుపు పాత హాల్లోకి, బయటి తలుపు బజారులోకి. మధ్య గదిలో బజ్జీలు అమ్మే సూరీడమ్మ తన సామాను పెట్టుకుంటుంది. బయటి తలుపు మీద ఆ ఏడుగురూ పనిముట్లతో కొట్టిన సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి పసుపు రాసి బొట్లు పెడతారు.

తలుపు రోజున రెండు తలుపులూ మూసేస్తారు. బజారు వైపునుంచి మా మామ్మ చెక్క సుత్తితో ఆ సొట్టల మీద కొడుతుంది. హాల్లో ఉన్న జనాన్ని ఊరి పెద్ద, "ఇనపడిందా?" అని అడుగుతారు. "ఇనపడింది!" అని అందరం అరుస్తాం. "తవిటయ్యకో?" "ఇనపడ్నేదు!" అని ఇంకా గట్టిగా అరిచి, నవ్వి, బెల్లం పంచుకుంటాం. ఊహ తెలిసినప్పటినుంచీ నేనూ గొంతు చించుకుని అరిచినదాన్నే.

అసిరిని బయట కొట్టమని, రెండు తలుపులూ వేయించుకుని లోపల నిలబడ్డాను. ఢాం, ఢాం, ఢాం. శుభ్రంగా వినబడింది. బజ్జీల డబ్బాలు కూడా గలగలలాడాయి.

తలుపు తీసి, "వినబడింది," అన్నాను. గెలిచినట్టే అన్నాను, అబద్ధం ఎందుకు! అసిరి చెక్క సుత్తి గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

నమోదు 5

కొత్త తలుపు పక్కనే కూర్చుని గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే క్షమించండి టీచర్.

ఈ వారం కొత్త తలుపు దగ్గర నాది దులిపే వంతు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఒంటికి వేసుకున్న గాలి తొడుగులకి పట్టిన ఎర్రదుమ్ము బ్రష్షుతో దులపాలి. ముక్కులోకీ చెవుల్లోకీ పోయి నాలుగు రోజులు తుమ్ములు. ఇవాళ మంచు తవ్వేవాళ్ళ జట్టు తిరిగొచ్చింది. వాళ్ళు మధ్య గదిలోకి వచ్చి బయటి తలుపు వేసుకున్నారు. గదిలోకి ఇంకా గాలి వదల్లేదు. లోపలి తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. పెంటయ్య అని ఒకడున్నాడు, వాడికి ఒక్క క్షణం ఆగడం రాదు. ఆకలికి ఆగలేక గడ్డపారతో వెనక ఉన్న బయటి తలుపుని బాదుతున్నాడు. చెయ్యి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. చప్పుడు లేదు. గాలి బుస్సుమంటూ నిండుతున్న కొద్దీ ఎక్కడో దూరంగా టక్కుమంది, తర్వాత ఠంగుమంది, గది నిండేసరికి చెవులు చిల్లులు పడేలా ఢాం ఢాం!

బ్రష్షు నా చేతిలోంచి జారిపోయింది.

గాలి లేనిచోట చప్పుడు పోదు. ఇది తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. చిన్నపిల్లలకీ తెలుసు. ఈ పెంటయ్య బాదుడు నేను ఎన్నిసార్లు చూసి నవ్వానో! కానీ పాత తలుపు దగ్గరికి వెళ్ళేసరికి అందరం ఆ సంగతి మర్చిపోతాం, ఎందుకంటే ఇప్పుడు అక్కడ అటూ గాలే, ఇటూ గాలే, మధ్యలో బజ్జీల వాసన. ఆ రోజు బయట ఉన్నది దుమ్ము లేపేంత పల్చటి గాలి, చప్పుడు మోసేంత గాలి లేదు. మధ్య గదిలో అదీ లేదు, వాళ్ళు వెళ్ళేటప్పుడే తోడేశారు. తలుపులకి అద్దాలు లేవు. దుమ్ముగాలికి రేడియో చచ్చిపోయింది. అది పోకముందు, 'ఇంత దుమ్ములో రావొద్దు, దూరపు గుడిసెలో ఉండిపోండి' అని తవిటయ్యే వాళ్ళకి చెప్పాడు, వాళ్ళు సరేనన్నారు, ఇది మా చరిత్ర పుస్తకంలోనే ఉంది. గుడిసె కప్పు పగిలి గాలి కారిపోయి వాళ్ళు తిరిగొచ్చారని తవిటయ్యకి చెప్పగలిగింది ఆ తలుపు చప్పుడు ఒక్కటే.

ఆయనకి నిజంగానే వినబడలేదు.

అయ్యో, ఎంత పని చేశాం!

నమోదు 6

టీచరు చివరిదాకా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ బెల్లం తిన్నాను, ప్రతి ఏడూ," అన్నారు. తర్వాత టీచరుగిరీ గుర్తొచ్చింది. "బాగుంది. కానీ ఇది నీ ఆలోచన. ఊరు వినేది రుజువుని."

రుజువంటే మధ్య గదిలో గాలి తోడేసి కొట్టి చూపించాలి. పాత తలుపుల రబ్బరు పట్టీలు పిగిలిపోయి ఉన్నాయి, పైగా వాటికి ఏళ్ళ తరబడి బజ్జీల నూనె జిడ్డు. జగ్గారావు గారు మొదట కుదరదన్నారు. టీచరు వెళ్ళి ఏం మాట్లాడారో తెలియదు, పట్టీలు కొత్తవి ఇచ్చారు, పంపు ఇచ్చారు. "ముందు ఒకసారి నా కళ్ళ ముందు సూపించు. తేడా వస్తే తలుపు రోజున ఆ పంపు ఊసెత్తకు," అన్నారు.

అసిరిని పిలిస్తే మొదట రానన్నాడు. గాలి లేని గదిలో చప్పుడు గురించి చెప్పాను. ఆ దుప్పటి గుమ్మంలో నిలబడి విన్నాడు. లోపల్నుంచి గవరమ్మ మామ్మ, "ఎల్లరా," అంది. అంతే.

రోజూ బడి అవగానే ఇద్దరం జిడ్డు గీకుతున్నాం. సూరీడమ్మ తన డబ్బాలు వీధిలో పెట్టించినందుకు నన్ను తిట్టని తిట్టు లేదు. తిట్టి తిట్టి, వేడి బజ్జీలు పెడుతుంది.

నమోదు 7

ఓడిపోయాను.

జగ్గారావు గారూ నేనూ లోపల. అసిరి బజారు వైపు. పంపు తిరిగింది, గదిలో గాలి పోయిందని ముల్లు చూపించింది. అసిరి కొట్టాడు.

టక్. టక్. టక్.

సన్నగా. కానీ వినబడింది. ఆ వినబడటంలో ఏ సందేహమూ లేదు.

జగ్గారావు గారు నన్ను ఎగతాళి చెయ్యలేదు, అదే ఇంకా బాధగా ఉంది. "పోన్లే అమ్మలూ, ప్రయత్నం సేసావు," అన్నారు. అసిరి లోపలికి వచ్చి నా మొహం చూశాడు. "ఇన్నాళ్ళూ నిందే," అన్నాడు. "ఇప్పుడు రుజువు కూడా అయిపోనాది."

వాడి ఆశ నేనే లేపాను, నేనే చంపాను. 

ఇంటికి వచ్చేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. మామ్మ ఈ మధ్యంతా లేని హుషారుతో గోంగూర నూరుతోంది. "నూకరత్నం, రా తిను," అంది. నా పేరు పెట్టి పిలిచింది! తిన్నాను. గోంగూర చాలా బాగుంది. ఏడుస్తూ తిన్నాను.

నమోదు 8

టీచరు నన్ను ఓదార్చలేదు. ఒకే ఒక్క మాట అడిగారు. "మొదటిసారి నీకు వినబడింది, ఎందుకంటే తవిటయ్య రోజున లేని గాలి ఇప్పుడు ఆ గదిలో ఉంది. మరి అప్పుడు లేనిది ఇంకేముంది అక్కడ?"

ఏమీ లేదన్నాను, విసురుగానే. డబ్బాలు కూడా తీసేశాం కదా.

పంపు సర్దుకోవడానికి జగ్గారావు గారు పాత హాల్లో ఉన్నారు. నేను బజారు వైపు కూర్చుని ఉన్నాను. సూరీడమ్మ, "ఊరికే కూకుంటే ఏటొస్తాది, కుండ నింపు," అని కసిరింది. కుళాయి దగ్గర కుండ పెట్టి, కోపంగా గీకుడు చెక్కతో కుళాయి గొట్టం మీద ఒక్కటిచ్చాను.

"ఎవుల్రా అది తలుపు కొడతన్నది?" అని హాల్లోంచి జగ్గారావు గారి కేక.

లేచి నిలబడ్డాను. గొట్టం వెంట చూపు నడిపించాను. కుళాయి దగ్గర్నుంచి బయటి తలుపు చట్రానికి ఇనప పట్టీతో బిగించి, మధ్య గది గోడ పొడుగునా పోయి, లోపలి తలుపు చట్రానికి ఇంకో పట్టీతో బిగించి, పాత హాల్లోకి. రెండు తలుపులకీ మధ్య రాయి, రబ్బరు మాత్రమే అనుకున్నాను. ఇనుము వంతెన వేసి ఉంది! గాలి తోడేస్తే ఏం లాభం, చప్పుడు గొట్టం పట్టుకుని దర్జాగా నడిచొచ్చింది.

"సూరీడమ్మ పిన్నీ, ఈ గొట్టం ఎప్పటిది?"

"మాయమ్మ పంచాయితీలో పోరి పోరి ఏయించింది. అంతకు ముందు ఈ బజారుకి నీల్లెక్కడివి?"

అంతకు ముందు అసలు బజారే లేదు. పైన కప్పు లేదు. ఎర్రటి ఆకాశం కింద కుళాయి ఎవరు పెడతారు! రెండుసార్లూ ఒకే తప్పు చేశాను. ఇవాళ ఉన్నదాన్ని ఆ రోజు కూడా ఉన్నట్టే చూశాను. బడికి పరిగెత్తి టీచర్ని గట్టిగా కావలించుకున్నాను. ఆవిడ కళ్ళజోడు కిందపడింది.

జగ్గారావు గారు గొట్టం చూసి పంపు అక్కడే ఉంచేశారు కానీ, అది విప్పాలంటే బజారుకి ఒక రోజు నీళ్ళుండవు. తలుపు రోజున నీళ్ళు ఆపమని అడిగితే ఊరి పెద్ద, "కొట్టేది బంగారమ్మ గదా, ఆవిడ ఒప్పుకుంటే సూద్దాం," అన్నారు. ఇప్పుడు అంతా మామ్మ చేతిలో ఉంది.

నమోదు 9

మామ్మకి మొత్తం చెప్పాను. పెంటయ్య గడ్డపార, గొట్టం, పట్టీలు, దూరపు గుడిసె. మామ్మ బియ్యం చెరుగుతూ వింది. చేట ఆగిపోయింది.

"ఆడికి ఇనపడ్నేదంటే," అంది, "మాయమ్మ కొట్టింది ఎవులికి?"

 మామ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరికీ కాదు మామ్మా. పాపం, ఎవరికీ వినబడలేదు."

మామ్మ ఏడ్చింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు, వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఆవిడ తిట్టుకోవటానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషిని కూడా నేను లాగేసుకుంటున్నానని నాకు తెలుసు. ఇలా చేస్తున్నందుకు భయం వేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని చేట పక్కన పెట్టింది. "నానే కొడతాను. సొట్టలు పడీలాగ కొడతాను. ఒక్క దెబ్బ ఇనపడిందా, నీకు గోంగూర నేదు ఈ జన్మకి."

నమోదు 10

తలుపు రోజు. ఇదంతా ఒక్క గుక్కలో రాస్తున్నాను.

పొద్దున్నే అసిరి చీపురుతో వచ్చి హాలంతా ఊడ్చాడు. ఆ చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, జగ్గారావు గారి మనుషులతో కలిసి గొట్టం పట్టీలు విప్పాడు. సూరీడమ్మ నీళ్ళ కుండలు ముందే నింపి పెట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా చూసింది. సగం ఊరు బజారులో, సగం ఊరు హాల్లో. బజారు వైపు మామ్మ కొట్టడం హాల్లోవాళ్ళకి తెలియాలని అసిరి ఒక దీపం పెట్టాడు. మామ్మ ఒక్కో దెబ్బకీ అసిరి అక్కడ మీట నొక్కితే ఇక్కడ దీపం వెలుగుతుంది. దీపం తీగని పక్క సందు చుట్టూ తిప్పి తెచ్చాడు, తలుపుని తాకకుండా. నా బుర్రకి తట్టలేదు ఆ జాగ్రత్త, వాడికి తట్టింది.

నా వంతు వచ్చింది. లోపలి తలుపు ముందు నిలబడ్డాను.

"నీ పేరేటి?" అన్నారు ఊరి పెద్ద.

"తవిటయ్య."

అప్పటికే నవ్వులు మొదలయ్యాయి.

"ఏడుగుర్ని బయట ఉంచి తలుపెందుకు మూసావు?"

"దుమ్ముగాలి వస్తే మూయమని ఊరి కట్టడి. గుడిసెలో ఉండమని రేడియోలో చెప్పాను. సరేనన్నారు."

"ఆల్లు వచ్చి కొడితే ఎందుకు తియ్యలేదు?"

 ఆ రెండు ముక్కలూ అనాలి. ఎంతమంది ఇదే చోట నిలబడి మూలిగి నవ్వించారో! నేను మూలగలేదు. మామూలుగా అన్నాను.

"నాకు ఇనపడ్నేదు."

హాలంతా విరగబడి నవ్వింది. పిల్లలు 'ఓ' అని అరిచారు. ఎవరో చెవుల్లో వేళ్ళు పెట్టుకుని గెంతారు. నేను కదలకుండా నిలబడ్డాను. ఇన్నేళ్ళూ అసిరి వాళ్ళింట్లో ఈ నవ్వు ఎలా వినబడిందో అప్పుడు తెలిసింది. ఆ నవ్వుకి దుప్పటి అడ్డమా!

నవ్వు తగ్గాక, "ఆ రోజు ఎలా ఉందో అలా చేసి చూపిస్తాను," అన్నాను. "మధ్య గదిలో గాలి తీసేస్తారు. నీళ్ళ గొట్టం విప్పేశారు. నేను చెప్పొద్దు, మీ చెవులతో మీరే చెప్పండి."

జగ్గారావు గారు పంపు తిప్పారు. ముల్లు అడుగుకి దిగింది. ఆయన చెయ్యెత్తారు. అందరూ గప్‌చుప్.

దీపం వెలిగింది.

మళ్ళీ వెలిగింది. మళ్ళీ. ఒక్కొక్కసారి వెలుగుతుంటే అది మా మామ్మ చెయ్యి అని నాకు తెలుసు. దీపం వెలుగుతూ ఆరుతూ, వెలుగుతూ ఆరుతూ. చప్పుడు లేదు. జనం మెడలు చాపారు. ముందు వరసలోవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చెవులు ఒగ్గారు. తర్వాత దీపం ఇంకా గబగబా వెలగసాగింది. మామ్మ అలిసిపోతే పెంటయ్య గడ్డపార అందుకున్నాడట, తర్వాత తెలిసింది. బజారులో ఉన్నవాళ్ళు ఆ మోతకి చెవులు మూసుకున్నారట. ఇక్కడ మాకు దీపం ఒక్కటే. ఆ దీపం చూస్తూ కొందరు ఏడవటం మొదలుపెట్టారు. బయట ఏడుగురు మనుషులు బాదుతున్నారు, లోపల మేం అందరం నిలబడి ఉన్నాం.

ఊరి పెద్ద దీపం వైపూ జనం వైపూ చూశారు. ఏటా అడిగే మాటే నోట్లోంచి వచ్చింది.

"ఇనపడిందా?"

ఎవరూ 'ఇనపడింది' అనలేదు.

ముందు వరసలో వాళ్ళమ్మ చంకలో ఉన్న ఒక పిల్ల, బెల్లం కోసం ఎదురుచూస్తున్నది, స్పష్టంగా అంది, "ఇనపడ్నేదు."

పక్కావిడ అంది. "ఇనపడ్నేదు." జగ్గారావు గారు పంపు మీద చెయ్యి వేసుకుని, "నాకూ ఇనపడ్నేదు," అన్నారు. తర్వాత హాలంతా. ఏటా నవ్వుతూ అరిచే మాటనే, ఎవరూ నవ్వకుండా, సాక్ష్యం చెప్పినట్టు, ఒక్కొక్కరూ తమ తమ గొంతుతో అన్నారు. ఇనపడ్నేదు. నాకు ఇనపడ్నేదు. ఆ మాటలన్నీ కలిసి పెద్ద హోరై కప్పు అదిరిపోయింది.  తవిటయ్యా, నువ్వు ఒక్కడివే చెప్పిన మాట ఇవాళ ఊరంతా చెప్పింది!

పక్క సందులోంచి మామ్మ వచ్చింది, చెమటలు కక్కుతూ. "నాను సూడాల," అంది. నన్ను పక్కకి నెట్టి తవిటయ్య నిలబడ్డ చోట నిలబడింది. తలుపుకి చెవి ఆనించింది. బజారులో పెంటయ్య మళ్ళీ బాదాడు. దీపం వెలిగింది, వెలిగింది, వెలిగింది. మామ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.

"ఊరుకోండి ఇంక," అంది. "ఈ సుత్తి ఇంకెవులూ పట్టకండి. మాయమ్మ పేరు సెప్పి ఎవుల్నీ నవ్వొద్దు."

అసిరి హాల్లోకి వచ్చేసరికి జగ్గారావు గారు గోడకి ఆనించిన చీపురు తీసుకుని, పంపు తాళం చెవి వాడి చేతిలో పెట్టారు. "గదిలోకి గాలి ఒదుల్రా," అన్నారు. "ఈ తలుపు నువ్వే తియ్యాల." అసిరి మీట తిప్పాడు. గాలి బుస్సుమంది. తలుపు తెరిచినప్పుడు అవతల సగం ఊరు, ఇవతల సగం ఊరు, మధ్యలో వాడు.

నాకు ఎన్ని మార్కులో అడగలేదు. టీచరు చెప్పనూ లేదు. ఇద్దరం బెల్లం ముక్క చెరి సగం చేసుకుని తిన్నాం.

నమోదు 11

ఇదే చివరిది. దినచర్య రేపు ఇచ్చెయ్యాలి.

అసిరికి కొత్త తలుపు దగ్గర పని ఇచ్చారు. మొదటి రోజే పెంటయ్య మధ్య గదిలోంచి గడ్డపారతో బాదుతుంటే, గాలి కావాలనే నిదానంగా వదిలాడట. నాకు తుమ్ములూ దులుపుడూ అలాగే ఉన్నాయి. బజారుకి నీళ్ళు వస్తున్నాయి. గొట్టం ఈసారి పక్క సందులోంచి వేశారు, పాత తలుపుని తాకకుండా. వచ్చే ఏడాది చరిత్రకి పేర్లిచ్చిన పిల్లలు మా బెంచీలకి పట్టటం లేదట, టీచరు మొహం వెలిగిపోతోంది.

ఇవాళ సాయంత్రం మామ్మ నన్ను పిలిచి, "పద," అంది. ఎక్కడికో చెప్పలేదు. పక్క సందులోకి తిరిగింది. అక్కడ ఆ దుప్పటి లేదు. గుమ్మానికి కొత్త తలుపు, ఇంకా రంగు వాసన పోలేదు. నిన్న జగ్గారావు గారి మనుషులు బిగించారట. గవరమ్మ మామ్మే పెట్టమందట.

మామ్మ ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడింది. కొంగు సర్దుకుంది. చెయ్యెత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. చెక్క సుత్తితో తలుపు పగిలేలా కొట్టిన మనిషి, వేళ్ళ కణుపులతో మెల్లిగా, వినబడీ వినబడనట్టు తట్టింది.

లోపల్నుంచి వెంటనే, ఎన్నో ఏళ్ళుగా ఆ తలుపు పక్కనే కాచుకుని కూర్చున్నట్టు, గవరమ్మ మామ్మ గొంతు.

"ఇనపడిందొలే బంగారీ! రా!"